కుబుసం వదలని పాముకు ఏది మేలు: టబ్బా, తడి తువ్వాలా, నాచు డబ్బా?

మా లడ్డూ కళ్లు బియ్యం కడిగిన నీళ్ల రంగుకు తిరిగాయంటే ఇంట్లో ఏసీ గొడవ మొదలైనట్టే. లడ్డూ మా పెంపుడు పాము, బాల్ పైథాన్ అనే రకం కొండచిలువ. పశ్చిమ, మధ్య ఆఫ్రికా జాతి. భయపడితే తలను మధ్యలో దాచుకుని ఉండలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. (ఇది చదివి మన జెర్రిపోతునో నాగుపామునో పట్టి పెంచుకుందామనుకుంటే ఇక్కడే ఆగండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. బాల్ పైథాన్‌నైనా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాల్సిందే.)

విశాఖలో తేమకు కరువేంటి అని అందరూ అడుగుతారు. నిజమే, ఎంవీపీ కాలనీలో మా బాల్కనీలో ఆరేసిన తువ్వాలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది. కానీ పాము ఉండేది బాల్కనీలో కాదు, పడకగదిలో. ఏప్రిల్ వచ్చిందంటే ఆ గదిలో రాత్రంతా ఏసీ. గోడ అవతల పైపులోంచి బకెట్లోకి కారే నీళ్లు ఎక్కడివి? గదిలోని గాలిలోవే. నేను తేమ కొలిచే హైగ్రోమీటర్ కొని పాము గూట్లో పెట్టిన మొదటి రాత్రి అది 41 శాతం చూపించింది. బాల్ పైథాన్‌కు మామూలు రోజుల్లోనే 55 నుంచి 60 కావాలి, కుబుసం రోజుల్లో 70 దాకా ఉన్నా మంచిదే. సముద్రం పక్కన ఉండి పాముకు తేమ చాలలేదంటే ఎవరూ నమ్మలేదు.

కుబుసం విడిచే ముందు పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య పల్చటి ద్రవం ఊరుతుంది. కళ్లు మసకబారేది దానివల్లే. కొన్ని రోజులకు కళ్లు మళ్లీ తేటపడతాయి. అప్పటికీ కుబుసం రాలేదని టెన్షన్ పడకండి, అసలు విడవడం ఆ తర్వాత మరో రెండు మూడు రోజులకు. ముక్కును గరుకు కొయ్యకు రాసుకుని పెదవుల దగ్గర పొర విప్పుకుంటుంది, ఆపైన మేజోడు తిరగేసి లాగినట్టు మొత్తం ఒకే ముక్కగా రావాలి. గాలి పొడిగా ఉన్నా, పాము ఒంట్లో నీరు తగ్గినా ఆ పొర ఎండి, చిరిగి, ముక్కలుగా అంటుకుపోతుంది. కళ్లు మసకగా ఉన్నన్నాళ్లూ దాన్ని పట్టుకోకండి, మేత కూడా పెట్టకపోవడమే మంచిది.

అంటుకుపోతే ఏం చేయాలి? ఎక్కువమంది మొదట చెప్పేది టబ్బు. నాకు పాము అమ్మినాయనా అదే చెప్పాడు, రోజూ నానబెట్టమని. నానబెట్టాను. మే నెల మధ్యాహ్నం మూడింటికి కుళాయి తిప్పితే మేడ మీది ట్యాంకులోంచి నీళ్లు టీ పెట్టుకునేంత వేడిగా వస్తాయని ఆ రోజు గుర్తు రాలేదు. చెయ్యి పెట్టి చూశాను గనుక సరిపోయింది. నీళ్లు 28–30 డిగ్రీలు ఉండాలి, అంటే మన చేతికి కాస్త చల్లగానే తగులుతాయి. లోతు పాము ఒంట్లో సగం మందానికి మించకూడదు. టబ్బు దగ్గర్నుంచి మనం కదలకూడదు, అలసిపోతే పాము కూడా మునుగుతుంది. ఇంత చేసినా లడ్డూ తల పైకెత్తి అంచు మీదుగా పారిపోవాలనే చూసింది. నీళ్లలో రెట్ట వేసింది కూడా, ఇక ఆ నీటిలో ఎంతసేపు నానితే ఏం లాభం? పైగా తల ఎప్పుడూ నీటి పైనే ఉంటుంది కాబట్టి మూతి, కళ్ల దగ్గరి పొర అలాగే ఉండిపోతుంది. నా లెక్కలో టబ్బు ఆఖరి మార్గం.

తడి తువ్వాలు దానికన్నా చాలా మేలు. దీని సలహా మా అమ్మది. పాము ఉన్న గదిలోకి రాదు, గుమ్మం అవతల నుంచే, "జ్వరమొచ్చినోళ్లకి వేసినట్టు తడిగుడ్డ వెయ్యరాదురా?" అంది. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన రెండు పాత తువ్వాళ్లు, గాలి ఆడే రంధ్రాలున్న డబ్బా, అరగంట. తువ్వాలు మడతల్లోంచి పాము దూరుతూ పోతుంటే తడి పొరను నానబెడుతుంది, గరుకుదనం ఊడదీస్తుంది. మనం చేయాల్సిందల్లా మధ్యలో తువ్వాలు చల్లబడిందేమో చూడటమే. ఆ రోజు డబ్బా మూత తీస్తే నీలి తువ్వాలు మీద ఉల్లిపొర లాంటి ముక్కలు, ఒక్కోదాని మీద పొలుసుల గళ్లు అచ్చు వేసినట్టున్నాయి. పొట్ట పక్కన రెండు చోట్ల మాత్రం మిగిలింది. వాటికి తడి తువ్వాలును చేతిలో వదులుగా పట్టుకుని, తల వైపు నుంచి తోక వైపు ఊడేలా, అందులోంచి దాన్నే జారిపోనిచ్చాను. బిగించి లాగకూడదు.

కానీ తువ్వాలు కుబుసం అంటుకుపోయాక చేసే పని. అసలు అంటుకోకుండా చూసేది నాచు డబ్బా. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, పాము చుట్టుకుంటే ఒళ్లు గోడలకు తగిలేంత సైజు. పక్కన గుండ్రంగా బెజ్జం కోసి, అంచు గీరుకోకుండా గరుకు కాగితంతో రుద్దాలి. లోపల తడిపిన స్ఫాగ్నమ్ నాచు. అది దొరక్కపోతే నర్సరీలో అమ్మే కోకోపీట్, ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్లు కడిగి. గట్టిగా పిండినప్పుడు చుక్క కారకూడదు, పట్టుకుంటే మాత్రం చెమ్మ తెలియాలి. కళ్లు మసకబారిన రోజే గూట్లో వెచ్చని వైపు పెడితే చాలు. ఎంతసేపు ఉండాలో, ఎప్పుడు బయటికి రావాలో పామే తేల్చుకుంటుంది. టబ్బుకూ దీనికీ నాకు కనిపించిన పెద్ద తేడా అదే. కుబుసం అయ్యాక డబ్బా తీసేయండి, లేదా నాచు మార్చండి, బూజు పడుతుంది. తేమ కావాలి కదా అని గూడంతా తడిపి ఉంచేవాళ్లున్నారు. అలా చేస్తే పొట్ట కింద పొక్కులు లేస్తాయి, పొలుసులు కుళ్లుతాయి. ఏసీని ఆపాల్సిన పని కూడా లేదు, గూటి పైన జాలీని సగం మూసి, నీళ్ల గిన్నెను పెద్దదిగా మారిస్తే మా ఇంట్లో 41 కాస్తా 58 అయింది.

కొబ్బరినూనె రాయమని అడక్కుండానే చెప్పేవాళ్లు ఉంటారు. నూనె పొరకు నీరివ్వదు, దుమ్మును మాత్రం పట్టుకుంటుంది. గోటితో ఒలవడం నేనూ ఒకసారి చేశాను. పాత పొర కింద కొత్తది ఇంకా ముదరలేదు, పొలుసు లేచి ఎర్రబడింది. ఆ మచ్చ తర్వాతి కుబుసం దాకా కనిపించింది.

ఆగగలిగింది ఏది, ఆగకూడనిది ఏది అన్నది వీటన్నిటికన్నా ముఖ్యం. కొత్తవాళ్లకు కంటి పొర చూస్తే కంగారు, తోక కొన చూస్తే నిర్లక్ష్యం. నిజానికి ఉండాల్సింది దీనికి తలకిందులుగా. పాముకు రెప్పలుండవు, కంటిని కాపాడేది ఓ పారదర్శకమైన పొలుసు. పాత పొలుసు మిగిలిపోతే తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా ఆగవచ్చు, సాధారణంగా దాంతోపాటే వచ్చేస్తుంది. చిమటాతోనో టేపుతోనో తీయబోతే కింది పొలుసు దెబ్బతిని కన్నే పోవచ్చు. రెండోసారీ రాకపోతే డాక్టరు పని. తోక అలా కాదు. కొన చుట్టూ పొర ఉంగరంలా బిగిస్తే రక్తం ఆడక కొన నల్లబడి ఎండిపోతుంది. తోక కొనకు ఆ రోజే తడి తువ్వాలు, మర్నాటికీ రాకపోతే డాక్టరు. పాముల్ని చూసే డాక్టరు ఎవరో కుక్కల డాక్టర్ల దగ్గర ముందే వాకబు చేసి పెట్టుకోండి, తోక నల్లబడ్డాక వెతుక్కోవడం కష్టం. తేమ సరిగ్గా ఉన్నా ప్రతిసారీ ముక్కలుగానే వస్తుంటే గోమార్లున్నాయేమో చూడమని ఆయన్నే అడగండి.

ఈసారి నాచు డబ్బాలోంచి కుబుసం ఒకే ముక్కగా వచ్చింది. పేపరు మీద పరిచాను. అమ్మ గుమ్మం దాటి లోపలికొచ్చి, కుట్టుమిషన్ టేపుతో కొలిచి, "నీ పాము కన్నా ఇది పొడుగుందేంట్రా?" అంది. విడిచేటప్పుడు సాగుతుంది, పొడుగ్గానే ఉంటుంది. నేను మాత్రం దాన్ని కిటికీ వెలుగుకు పట్టి తల భాగంలో రెండు చిన్న అద్దాల కోసం వెతికాను. రెండూ ఉన్నాయి. తోక చివర సూదిమొన లాంటి కొనా ఉంది.