పిల్లల గేటు, రెండేళ్ల తొమ్మిది నెలల తర్వాత: నా గొడవంతా గడియతోనే

ఈ గేటు గురించి చెప్పాలంటే ముందు గడియ గురించే చెప్పాలి. మిగతాదంతా మీకు తెలిసిందే. ఇనుప ఊచలు, మధ్యలో చిన్న తలుపు, నాలుగు మూలలా గోడకు అదిమిపెట్టే బోల్టులు. అన్ని గేట్లూ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. గడియ మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కో రకం. మాదానికి పైనున్న మీటను బొటనవేలితో వెనక్కి లాగాలి, అలా పట్టుకునే తలుపును కాస్త పైకెత్తాలి, ఆ తర్వాత తోయాలి. రెండు పనులు ఒకేసారి చేయడం చంటిపిల్లలకు చేతకాదని అలా పెట్టారు. నిజమే, చేతకాదు. రాత్రి రెండింటికి ఒక చంకలో పిల్లాణ్ణి, రెండో చేతిలో పాలసీసాను పట్టుకున్న నాకూ చేతకాదు. మరి ఎవరికి చేతనైందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కొన్నప్పుడు మా పెద్దోడికి 11 నెలలు. పాకడం అయిపోయి, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. చిన్నోడు అప్పటికింకా పుట్టనే లేదు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, మేం కొన్నది ఒక్క పిల్లాడి కోసం. ఇప్పుడు పెద్దోడికి 3 ఏళ్ల 8 నెలలు, వాడి తమ్ముడికి నిండా రెండేళ్లు.

పెట్టె విప్పగానే ఒక హడావిడి జరిగింది. తలుపు అంచుకూ గడియకూ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు ఉంది. ఫ్రేము వంకరగా ఉన్నట్టు కనిపించింది. సరుకు పాడైందనుకుని మళ్లీ పెట్టెలో సర్దేశాను కూడా. తీరా చూస్తే ఈ రకం గేట్లు అలాగే ఉంటాయట. ద్వారబంధంలో నిలబెట్టి బోల్టులు బిగిస్తున్నకొద్దీ ఫ్రేము దగ్గరికి వచ్చి, సందు మూసుకుపోతుంది. అంటే గడియ పట్టు మొత్తం ఆ నాలుగు బోల్టుల బిగువు మీదే ఉంటుంది. ఇది ఆరోజు నాకు బాగానే అర్థమైంది. తర్వాత మర్చిపోయాను.

మేం దీన్ని వంటింటి గుమ్మానికి పెట్టాం. మెట్ల పైన పెట్టడానికి ఈ రకం పనికిరాదు. అక్కడ గోడకు స్క్రూలతో బిగించేదే ఉండాలి. అదిమిపెట్టిన గేటు బరువు పడితే జారవచ్చు, పైగా దీని కింది కడ్డీ నేల మీద అడ్డంగా ఉంటుంది, మెట్ల అంచున కాలికి తగిలితే ఇంకేముంది! వంటింటి దగ్గరే దానికి నేను మూడుసార్లు తన్నుకున్నాను. ఒకసారి చిటికెన వేలు వాచి వారం రోజులు చెప్పు పట్టలేదు. లేని గడపను డబ్బు పెట్టి తెచ్చుకున్నట్టయింది.

అయినా మొదటి ఏడాది దీన్ని తెగ మెచ్చుకున్నాను. ఆఫీసులో ఇద్దరి చేత కొనిపించాను. తలుపు వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది, గోడకు మేకు కొట్టే పని లేదు, పెద్దోడు ఊచలు పట్టుకుని ఎంత ఊపినా కదల్లేదు. ఆ మాటలు అప్పటికి నిజాలే.

చిన్నోడికి 14 నెలలప్పటి సంగతి ఇది. సాయంత్రం నేను హాల్లో బట్టలు మడతపెడుతున్నాను. గడియ టక్కుమన్న చప్పుడు వినిపించింది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిందనుకున్నాను. కాసేపటికి లోపలి నుంచి గిన్నెల మీద మూతలతో వాయించే మోత మొదలైంది. పనిలో ఉందిలే అనుకున్నాను. ఇంతలో మా ఆవిడ తల తుడుచుకుంటూ స్నానాల గదిలోంచి బయటికొచ్చింది.

"వంటింట్లో ఎవరండీ?"

"నువ్వే కదా!"

ఇద్దరం పరిగెత్తాం. చిన్నోడు కింది అర ముందు చతికిలబడి, చుట్టూ మూతలు పరుచుకుని, రెండు చేతులా వాయిస్తున్నాడు. గేటు వేసే ఉంది. గడియ పడే ఉంది. గేటుకు ఇవతల పెద్దోడు కారు బొమ్మ నడుపుకుంటున్నాడు, ఏమీ ఎరగనట్టు.

"గేటు వేశారా అసలు?"

"వేసే ఉంది, చూడు."

"మరి వీడెలా వెళ్లాడు?"

దానంతటదే మూసుకుంటుందని నేను మెచ్చుకున్న తలుపు సాక్ష్యం కూడా మిగల్చలేదు. పిల్లాడు లోపలికి దూరగానే వెనకాలే మూసుకుంది. గేటు తీసి ఉంటే హాల్లోంచి ఒక్క చూపుకే తెలిసిపోయేది. మూసి ఉండబట్టి లోపల ఎవరూ లేరన్న ధీమాతో నేను చొక్కాలు మడిచాను. ఆ పూట పొయ్యి వెలగలేదు, కత్తులు పై అరలో ఉన్నాయి. అది మా అదృష్టం, గేటు గొప్పతనం కాదు.

ఇది మూడు రోజుల్లో మళ్లీ రెండుసార్లు జరిగింది. ఊచల మధ్య నుంచి దూరుతున్నాడేమోనని టేపు పెట్టి కొలిచాను. తల కాదు కదా, మోకాలు పట్టడం కూడా కష్టం. కింద నుంచా? కాదు. ఇక మిగిలింది మనుషుల మీద అనుమానమే. ఆ నెల మా అత్తగారు మాతోనే ఉన్నారు. ఎలా అడగాలో తెలియక నసుగుతూ అడిగాను.

"అత్తయ్యా, మీరేమైనా వంటింటి గేటు మర్చిపోయి..."

"మర్చిపోవడానికి ముందు నేను తియ్యగలగాలి కదా బాబూ! ఆ గడియ నా వేళ్లకి లొంగదు. ఎప్పుడూ పెద్దాడినే పిలుస్తున్నా. వాడు మీట లాగుతాడు, నేను పైకెత్తుతా."

రెండు పనులు ఒకేసారి ఒక్కడు చేయలేడు, సరే. ఇద్దరు చెరొకటి చేస్తే? దొంగ చేతికి తాళాలివ్వడమే కాదు, ఎలా తిప్పాలో కూడా నేర్పించాం. ఆవిణ్ణి అనడానికేం లేదు. వేళ్ల నొప్పులున్నవాళ్లకు లొంగని గడియ పెట్టింది మేమే.

మర్నాడు తలుపు చాటున నిలబడి చూశాను. పెద్దోడు రెండు బొటనవేళ్లూ కలిపి మీట లాగి పట్టుకున్నాడు. పైకెత్తే బలం వాడికింకా లేదు. పక్కన చిన్నోడు ఊచలు పట్టుకుని, ఎప్పటిలాగే మోకాళ్లు వంచి గెంతుతూ ఊపుతున్నాడు. నాలుగో ఊపుకో ఐదో ఊపుకో తలుపు ఎగిరి గాడిలోంచి బయటికొచ్చింది. చిన్నోడు తలుపుతో పాటే లోపలికి పడ్డాడు, లేచాడు, మూతల దగ్గరికి వెళ్లిపోయాడు. అన్నయ్య కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

"గేటు ఎందుకు తీశావు నాన్నా?"

"తమ్ముడు అడిగాడు."

తమ్ముడికి అప్పటికి మూడే మాటలు వచ్చు. అందులో గేటు లేదు. కానీ అడిగే ఉంటాడు.

ఇక్కడ నా తప్పులు కూడా చెప్పాలి, లేకపోతే గేటుకు అన్యాయం చేసినట్టు. గడియ పడ్డప్పుడల్లా వచ్చే ఇనుప చప్పుడుకు నిద్రపోయే పిల్లలు ఉలిక్కిపడుతున్నారని, దానంతటదే మూసుకోవడం మొదటి చికాకుగా మారిన రోజుల్లో, గాడిలో స్పాంజి టేపు ముక్క అంటించాను. చప్పుడు తగ్గింది. దాంతోపాటు తలుపు గాడిలోకి దిగే లోతూ తగ్గింది. ఏడాదిగా ఊపి ఊపి బోల్టులు వదులయ్యాయి, ఫ్రేము కాస్త విచ్చుకుంది. రెండూ కలిసి తలుపును గాడి అంచు మీద నిలబెట్టాయి. పైగా పెట్టెతో పాటు వచ్చిన గోడ కప్పులు, అదే, బోల్టు చివర్లు జారకుండా గోడకు బిగించే ప్లాస్టిక్ గిన్నెల్లాంటివి, రంగు పాడవుతుందని వాడనే లేదు.

స్పాంజి పీకేశాను, కప్పులు బిగించాను. ప్రతి ఆదివారం బోల్టులు చేత్తో తిప్పి చూడటం అలవాటు చేసుకున్నాను. చప్పుడు తిరిగొచ్చింది. మూడు నెలలు వాళ్లిద్దరి వల్లా కాలేదు. తర్వాత పెద్దోడికి బలం వచ్చింది, తమ్ముడి సాయం కూడా అక్కర్లేకపోయింది.

ఆ మధ్యలోనే ఈ గేట్ల భద్రతా ప్రమాణాలేమిటని కూర్చుని చదివాను. అమెరికాలో ఈ ప్రమాణాన్ని తప్పనిసరి చేస్తూ 2020లో నిబంధన తెచ్చారు, 2021లో అది అమల్లోకి వచ్చింది, అంతవరకు కంపెనీల ఇష్టమే. ఆ ప్రమాణం 6 నుంచి 24 నెలల పిల్లల కోసం. గేటును ఐదు చోట్ల సుమారు 13.6 కిలోల బలంతో తోసి చూస్తారు, ఊడి రాకూడదు. యూరప్ ప్రమాణంలో కూడా రెండేళ్ల లెక్కే. అంటే రెండేళ్ల పది నెలలవాడు తీశాడని నేను కంపెనీ మీద విరుచుకుపడటానికి లేదు. వాడు ఆ లెక్కలోకి రాడు. కానీ గేటు ఆపాల్సిన పిల్లాడి పక్కనే, మీట లాగడానికి సిద్ధంగా ఒక అన్న నిలబడి ఉంటాడన్న ఊహ నేను చదివినంతలో ఎక్కడా కనబడలేదు. ఇద్దరు పిల్లల ఇళ్లేమన్నా అరుదా? నా కోపం అక్కడే ఉంది, ఇప్పటికీ.

పెద్దోణ్ణి గేటుకు ఇన్‌చార్జిని కూడా చేసి చూశాం. "నువ్వు పెద్దవాడివి, తమ్ముణ్ణి పోనివ్వకు" అన్నాం. నాలుగు రోజులు ఠీవిగా కాపలా కాశాడు. ఐదో రోజు నుంచి తమ్ముడు చేతిలో ఉన్న కారు ఇస్తే గేటు తీస్తున్నాడు. మా ఆవిడ అప్పటి నుంచి దాన్ని టోల్‌గేటు అంటుంది. చివరికి పని చేసింది మాత్రం వంటింటి కింది అరలకు తాళాలు పెట్టడమే. ఆ పని గేటు కొన్న రోజే చేయాల్సింది.

అంత తిట్టాక గేటును తీసి అటక మీద పడేసి ఉండాలి. పడేయలేదు. పెద్దోడు బిల్డింగ్ బ్లాకులతో ఏదైనా కట్టడం, చిన్నోడు వచ్చి కూల్చడం, ఇద్దరూ ఏడవడం రోజూ ఉదయం నడిచే తంతు. ఒకరోజు పెద్దోడే వచ్చి, "గేటు మా గదికి పెట్టు నాన్నా" అన్నాడు. తమ్ముణ్ణి లోపల పెట్టడానికేమో అనుకున్నాను. కాదు, వాడే లోపల ఉంటాడట. పెట్టాను. పెద్దోడు బ్లాకులతో లోపల, చిన్నోడు బయట. చిన్నోడు మొదటి రోజు పది నిమిషాలు గుక్కపట్టి ఏడ్చాడు. రెండో రోజు ఊచల మధ్య నుంచి ఒక కారు లోపలికి తోశాడు. అన్న దాన్ని వెనక్కి తోశాడు. ఆ ఆట ఇరవై నిమిషాలు సాగింది. గేటు లేకుండా వాళ్లిద్దరూ అంతసేపు కొట్టుకోకుండా ఆడింది నేను చూడలేదు. మా ఆవిడ ఆ ఇరవై నిమిషాలూ కుర్చీలో ఊరికే కూర్చుంది. ఏమీ చేయకుండా కూర్చోవడం చూసి చాలా రోజులైంది.

మరీ పొగడను. ఇది పొద్దున పూటే పనిచేసింది. సాయంత్రం ఆకలీ నిద్రా కలిసినప్పుడు గేటుకు అటొకడు, ఇటొకడు నిలబడి ఏడ్చేవారు. గదిలో ఎవరో ఒకరం కనుచూపు మేరలో ఉండేవాళ్లం, వదిలేసి వెళ్లింది లేదు. ఇంట్లో పగలంతా ఒక్కరే ఉండేవాళ్లకు ఆ వీలు దొరుకుతుందో లేదో చెప్పలేను.

గోడకు మేకు కొట్టే పని లేదని మెచ్చుకున్నాను కదా, అలాగని గోడ పాడవదన్నదీ పూర్తిగా నిజం కాదు. వంటింటి గుమ్మం దగ్గర కప్పులు తీస్తే నాలుగు చోట్ల రంగు పెచ్చులుగా ఊడింది.

మరి కొనమంటానా? మీ ఇంట్లో ఒక్క పిల్లాడుంటే, పెద్దవాళ్లకు వేళ్ల నొప్పుల్లాంటివి లేకపోతే, వాడికి రెండేళ్లు నిండేదాకా హాయిగా వాడుకోవచ్చు. కప్పులు మాత్రం మొదటి రోజే బిగించండి, గాడిలో నాలా స్పాంజి పెట్టకండి. ఇద్దరుండి, పెద్దవాడు రెండున్నర దాటి ఉంటే, కొనేముందు ఆ గడియను మీ పెద్దవాడి చేతికే ఇచ్చి చూడండి. గేటు ఎత్తు పిల్లాడి ఎత్తులో ముప్పాతిక వంతుకు తగ్గకూడదంటారు. మాది 75 సెంటీమీటర్లు, పెద్దోడు ఈమధ్యే మీటరు దాటాడు. వాడికిక అది గేటు కాదు, ఎక్కి కూర్చునే కమ్మీ. అందుకే పోయిన వారం విప్పేశాను.

మా బావమరిది వాళ్ల పాపకు 8 నెలలు. గేటు వాళ్లకిద్దామనుకున్నాం. చూడ్డానికి వచ్చిన రోజు మీట ఎటు లాగాలో వాడికి అర్థం కాకపోతే, "ఇలా కాదు మామయ్యా" అని మా పెద్దోడే తీసి చూపించాడు. కానీ ఇంకా ఇవ్వలేదు. నాలుగు కప్పుల్లో ఒకటి కనబడటం లేదు, అది లేకుండా ఇవ్వనన్నాను. చిన్నోణ్ణి అడిగితే సోఫా కిందికి చూపిస్తున్నాడు. అక్కడ రెండుసార్లు వెతికాను, లేదు.