పాత కారును కురచ చేయడమా, కప్పు దించడమా, కప్పు తీసేయడమా: ఏది మేలు?

పాత కారు రూపు మార్చాలనుకునేవారి ముందు ప్రధానంగా మూడు దారులు ఉంటాయి. నడుమ కోసి పొడవు తగ్గించడం మొదటిది, కప్పును మోసే పిల్లర్లు (అద్దాల పక్కనుండే స్తంభాలు) కోసి పైకప్పును కిందికి దించడం రెండోది, పైకప్పును పూర్తిగా తీసేసి ఓపెన్ టాప్ చేయడం మూడోది. చాలామంది ముందు బొమ్మ గీసుకుని, ఆ తరువాత కారును వెతుక్కుంటారు. నేను మాత్రం చేతిలో ఉన్న కారు బరువును ఏ భాగం మోస్తున్నదో మొదట తేల్చుకోమంటాను. ఎందుకంటే ఒక కారులో నిశ్చింతగా కోయగలిగిన చోటే మరో కారులో వెన్నెముక ఉంటుంది.

పొడవు తగ్గించడానికి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అంత అనువైన పాత కారు మరొకటి లేదు. దాని బాడీ ఫ్లోర్‌పాన్ (కారు అడుగున ఉండే విడి నేల చట్రం) మీద బోల్టులతో బిగించి ఉంటుంది, ఇంజనూ గేర్‌బాక్సూ వెనకే ఉంటాయి కాబట్టి ముందున్న ఇంజను శక్తిని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ నడుమ ఉండదు. కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ 1964లో ఇసుకలో నడిపే చిన్న ఓపెన్ కారు, మొదటి మ్యాంక్స్ బగ్గీని తయారుచేశారు. ఆ తరువాత వచ్చిన మ్యాంక్స్ కిట్లకు బీటిల్ ఫ్లోర్‌పాన్‌ను 14¼ అంగుళాలు, అంటే సుమారు 36 సెంటీమీటర్లు, కోసి అతికించేవారు. 2,400 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) దాంతో దాదాపు 2,040కి దిగుతుంది. అసలు శ్రమ నేల రేకులో కన్నా మధ్యన పొడవునా గొట్టంలా సాగే టన్నెల్‌లో ఉంది. గేర్ రాడ్, క్లచ్ కేబుల్ గొట్టం, యాక్సిలరేటర్ కేబుల్ గొట్టం, పెట్రోలు పైపు అన్నీ ఆ ఇరుకులోంచే వెళ్తాయి, అన్నింటినీ అదే కొలతకు తగ్గించాలి. గేర్ రాడ్‌ను కోసి తిరిగి అతికేటప్పుడు ఒక ముక్క కాస్త తిరిగినా లీవర్ ఒక గేరు చూపిస్తుంది, గేర్‌బాక్సులో మరొకటి పడుతుంది. అందుకే కోయడానికి ముందే రాడ్ పొడవునా ఒక సరళరేఖ గీసుకుని, అతికాక ఆ గీత రెండు ముక్కల మీదా కలిసిందో లేదో చూడాలి. ఇంత సాదా జాగ్రత్త ఎన్నో రోజుల తిరుగుపనిని తప్పిస్తుంది.

మినీ సంగతి వేరు. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపకల్పనతో వచ్చిన ఆ బ్రిటిష్ చిన్న కారు మోనోకాక్, అంటే దానికి విడి చట్రం ఉండదు. నేల, తలుపుల కింద పొడవునా ఉండే దూలాలు (సిల్స్), పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. ముందు చక్రాలే నడుపుతాయి కాబట్టి మినీని కురచ చేయాలన్న కోరిక కలగడం సహజమే, పైగా పొడవు తగ్గిన బాడీ, అతుకులు గట్టిగా ఉంటే, మునుపటి కన్నా తక్కువే వంగుతుంది. చిక్కు బ్రేకు వేసినప్పుడు వస్తుంది. బరువు కేంద్రం నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుని, వేగం 0.7 జీ (భూమ్యాకర్షణ త్వరణంలో 0.7 వంతు) చొప్పున తగ్గేలా బ్రేకు వేస్తే, 2,036 మిల్లీమీటర్ల వీల్‌బేస్‌లో మొత్తం బరువులో సుమారు 17 శాతం ముందుకు బదిలీ అవుతుంది. 40 సెంటీమీటర్లు కోస్తే అది 21 శాతం దాటుతుంది. ఆ మేరకు వెనక చక్రాలు తేలికై ముందుగా లాక్ అవుతాయి, కురచ కారు కళ్లు మూసి తెరిచేలోగా అడ్డం తిరుగుతుంది. వెనక బ్రేకుల ఒత్తిడిని మళ్లీ సరిచేయకుండా అలాంటి కారును రోడ్డెక్కించకూడదు. ఆడీ సంస్థ ర్యాలీ కోసం క్వాట్రోను 320 మిల్లీమీటర్లు తగ్గించి స్పోర్ట్ క్వాట్రో చేసినప్పుడు కూడా మలుపులో చురుకుదనంతోపాటు స్థిమితం లేకపోవడమూ వచ్చింది. పెద్ద కంపెనీకే తప్పని బేరం అది.

పైకప్పు దించడం చూడటానికి అందమైన మార్పు. అమెరికాలో కార్ల రూపు మార్చే బ్యారిస్ సోదరులు 1951 మెర్క్యురీ కారును మలచి చేసిన హిరోహటా మెర్క్‌ను చూసినవారెవరికైనా ఆ కోరిక ఎందుకు పుడుతుందో అర్థమవుతుంది. అయితే పిల్లర్లు వాలుగా ఉంటాయి కాబట్టి కప్పు నేరుగా కిందికి వచ్చి కూర్చోదు. పిల్లర్ నిలువు నుంచి 30 డిగ్రీలు వాలి ఉంటే, 10 సెంటీమీటర్లు దించినప్పుడు ముందూ వెనకా దాదాపు 6 సెంటీమీటర్ల చొప్పున ఎడం మిగులుతుంది. అప్పుడు పిల్లర్లను మరింత వాల్చాలి, లేదా కప్పును నడుమ కోసి రేకు చేర్చాలి. అద్దం ఇంకో సమస్య. పొరలద్దాన్ని (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నదాన్ని) నిపుణుడు కోయగలడు, కానీ వేడి చేసి గట్టిపరచిన టెంపర్డ్ అద్దం కోయబోతే పొడిపొడి అవుతుంది. పిల్లర్లు నిటారుగా, అద్దాలు చదునుగా ఉన్న 1930ల నాటి ఫోర్డ్ కార్లలో ఈ పని ఎంతో సులువు.

మూడో దారి అన్నింటికన్నా తేలికగా కనిపిస్తుంది, నన్ను అన్నింటికన్నా భయపెట్టేదీ అదే. నేను దగ్గరగా చూసిన ఒక మోనోకాక్ సెడాన్‌కు తలుపుల ఖాళీలో అడ్డు పైపులు వెల్డ్ చేయకుండానే కప్పు కోసేశారు. కోత పూర్తయ్యేసరికి తలుపు పై అంచున ఉన్న సందులో వేలి గోరు కూడా దూరలేదు. జాకీ పెట్టి ఎత్తితే తలుపు అసలు తెరుచుకోలేదు. తరువాత ఎంత టింకరింగ్ చేసినా, ఎంత పుట్టీ పూసినా, ఆ సందు సమంగా రాలేదు. బాగా చేసిన పనికి ఉదాహరణ సిత్రోయెన్ డీఎస్. ఫ్రాన్సులో కారు బాడీలు తయారుచేసే ఆన్రి షాప్రోన్ 1958లో సొంతంగా దాన్ని ఓపెన్ టాప్‌గా మార్చారు, 1960 నుంచి సిత్రోయెన్ కోసమే ఆయన కార్ఖానాలో అవి తయారయ్యాయి. బాడీ రేకులన్నీ అస్థిపంజరం లాంటి చట్రానికి బోల్టులతో బిగించే కారు అది. అలాంటిదానికి సైతం పక్క దూలాలను బలపరచక తప్పలేదు.

కాబట్టి ఫ్లోర్‌పాన్ గానీ ఛాసిస్ (చట్రం) గానీ విడిగా ఉన్న కారైతే పొడవు తగ్గించడమే మేలు. నిటారు పిల్లర్ల పాత కారైతే కప్పు కొద్దిగా దించవచ్చు. మోనోకాక్ సెడాన్ కప్పు తీయాలంటే సిల్స్ లోపల పెట్టె ఆకారపు రెండో దూలం కట్టగల వెల్డర్ దొరికేదాకా రంపం పట్టకూడదు. ఏ దారి పట్టినా, బాగున్న కారును కోయడానికి నా మనసు ఒప్పదు. నడుమ నేలను తుప్పు తినేసి, ముందు ఇరుసూ వెనక గేర్‌బాక్సూ బాగున్న బీటిల్ దొరికితే, కోసి పారేయవలసిన 36 సెంటీమీటర్లూ ఆ తుప్పులోంచే పోతాయి.