దూరవిద్యలో పీజీ, డిసర్టేషన్‌తో సహా: చంటిపిల్లతో నాలుగేళ్లు చదివాక

ఫీజు ఎంత, అసైన్‌మెంట్లు ఎలా రాయాలి, పుస్తకాలు ఎప్పుడొస్తాయి లాంటివి చాలామంది రాసేశారు కాబట్టి అవి వదిలేస్తున్నాను. నేను గ్రామీణాభివృద్ధిలో ఎం.ఏ. దూరవిద్యలో చేశాను. 2021 జనవరిలో చేరేటప్పటికి మా పాపకు ఎనిమిది నెలలు. 2024 సెప్టెంబరులో డిసర్టేషన్ (కోర్సులో భాగంగా రాయాల్సిన పరిశోధన వ్యాసం) పోస్టులో వేసేటప్పటికి ఎల్‌కేజీ. రెండేళ్ల కోర్సే కానీ నాలుగేళ్ల లోపు ఎప్పుడైనా పూర్తి చేసుకోవచ్చు, నేను ఆ నాలుగేళ్లూ దాదాపు వాడేసుకున్నాను. యూనివర్సిటీ పేరు రాయడం లేదు, పేరుతో పని లేదు కూడా.

నాకు ఈ చదువులో ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది ఒక్కటే. మన టైమ్‌కి మనం చదువుకోవచ్చు. మొదటి రెండేళ్లు ఈ మాట అక్షరాలా నిజం. పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఊపుతూ ఒక చేత్తో పుస్తకం పట్టుకుని చదివాను, చదివింది చదివినట్టే ఉండేది. 2021 డిసెంబరు పరీక్షలప్పుడు పాపకు జ్వరం వచ్చి రెండు పేపర్లు రాయలేకపోయాను. అవి జూన్‌లో రాసుకున్నాను, ఎందుకు రాలేదని అడిగిన వాళ్లు లేరు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. డిగ్రీ అయ్యాక ఆరేళ్లు చదువుకి దూరంగా ఉన్నదాన్ని, పైగా మా ఆయనది వారానికి నాలుగు రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగం, రోజూ తొమ్మిదింటికి క్లాసులో ఉండాలంటే నేను పీజీ అన్న మాటే ఎత్తేదాన్ని కాదు. అప్పట్లో అడిగిన ప్రతి ఒక్కరికీ కళ్లు మూసుకుని చేరిపొమ్మని చెప్పాను.

డిసర్టేషన్ మొదలయ్యాక ఆ మాట కొంచెం మార్చి చెప్పాల్సి వస్తోంది.

నా అంశం డ్వాక్రా సంఘాల అప్పులు. బ్యాంకు లింకేజీలో, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పుగా, వచ్చిన డబ్బు సభ్యురాలి ఇంట్లో నిజంగా దేనికి ఖర్చవుతోంది అన్నది. డ్వాక్రా 1982లో మొదలైంది, నాబార్డు బ్యాంకు లింకేజీ 1992లో వచ్చింది, మన దగ్గర దీని మీద పరిశోధనలకు లోటు లేదు, శోధగంగ వెబ్‌సైటులో వెతికితే పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలే బోలెడు దొరుకుతాయి, అన్నీ ఉచితం. పాప నిద్రపోయాక లైటు తీసేసి ఫోన్‌లో అవే చదివేదాన్ని. అయితే చాలా వాటిలో పట్టికలే ఉన్నాయి, ఎన్ని శాతం పాడికి, ఎన్ని శాతం వ్యవసాయానికి అని. మా తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో ఏ సంఘంలో కూర్చున్నా తెలిసిపోయే సంగతి ఒకటుంది, కాగితం మీద గేదె అని ఉంటుంది, డబ్బు మాత్రం పిల్లాడి ఇంటర్ ఫీజుకి వెళ్లి ఉంటుంది. నేను ఆ సంగతే రాద్దామనుకున్నాను.

ముందు సినాప్సిస్, అంటే ఏం పరిశోధిస్తామో చెప్పే ప్రణాళిక, యూనివర్సిటీకి పంపాలి. అది ఆమోదం పొందితేనే ఊళ్లోకి వెళ్లాలి. గైడుగా ఒప్పుకున్నది మా ఊరి డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన మాస్టారు. 2023 ఫిబ్రవరిలో సినాప్సిస్, దానితో పాటు ఆయన బయోడేటా, అంగీకార పత్రం అన్నీ కవరులో పెట్టి స్పీడ్ పోస్టు చేశాను. మార్చి అయింది, ఏప్రిల్ అయింది. మెయిల్ పెడితే జవాబు లేదు. ఫోన్ చేస్తే ఆ సెక్షన్ కాదు ఈ సెక్షన్ అన్నారు. మే నెలంతా పాపను చంకనేసుకుని పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకి గేటు దగ్గరే నిలబడ్డాను. జూన్ రెండో వారంలో నా కవరు నాకే తిరిగి వచ్చింది. విషయం మీద ఒక్క వ్యాఖ్య లేదు. గైడు బయోడేటాలో రెండో పేజీ మీద సంతకం లేదు, సరిచేసి మళ్లీ పంపండి, అంతే. నాలుగు నెలలు.

ఆ సంతకం కోసం వెళ్తే మాస్టారు ఊళ్లో లేరు, బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లారు. ఆయన ఫోన్‌లో నాకంటే ఎక్కువ బాధపడ్డారు. "తప్పు నాదేనమ్మా, పేజీ తిప్పి చూసుకోవాల్సింది" అని, ప్రింటు తీసి సంతకం చేసి ఆయనే కొరియర్ చేశారు. మళ్లీ పంపాను. ఆమోదం వచ్చింది జులై ఆఖరున. ఆ ఉత్తరం చేతికొచ్చిన రోజు సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే అప్పటికి కాలవలకి నీళ్లొదిలి డెల్టాలో నాట్లు మొదలైపోయాయి. నేను కలవాల్సిన 60 మంది ఆడవాళ్లూ పొద్దున ఆరింటికి పొలానికి పోయి పొద్దుగూకాక ఇంటికొస్తారు. ఏప్రిల్, మే నెలల్లో అయితే మధ్యాహ్నాలు అరుగుల మీద తీరిగ్గా దొరికేవాళ్లు, నేను ప్లాన్ చేసుకున్నదీ ఆ నెలలే. ఇప్పుడు వాళ్లు దొరికేది రాత్రి ఏడు దాటాక, అది మా పాప అన్నం తిని నిద్రకి ఏడ్చే టైమ్. మన టైమ్‌కి మనం అన్నది ఆఫీసు టైమ్‌కీ వరినాట్ల టైమ్‌కీ వర్తించదని నాకు అప్పుడే తెలిసింది.

ఇంకో దారి లేక పాపను తీసుకునే వెళ్లాను. మూడేళ్ల పిల్ల. మా అత్తయ్య ముందు కోప్పడ్డారు, రాత్రిపూట పిల్లను ఊళ్లంట తిప్పుతావా అని. తర్వాత ఆవిడే పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టిచ్చారు, కొన్ని రోజులు తోడు కూడా వచ్చారు.

ఆ రాత్రుల గురించి ఎంత రాసినా తక్కువే. మొదటి సంఘంలో యానిమేటర్ (సంఘాల లెక్కలు చూసే ఆవిడ) నన్ను పరిచయం చేసి, కాలేజీ నుంచి సర్వేకి వచ్చారు, అప్పుల వివరాలు చెప్పండి అంది. అందరూ గబగబా "గేదె", "గేదె", "కుట్టుమిషన్" అని చెప్పేశారు, పది మందివీ ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. నేను ఫారాలు సర్దుకుంటుంటే పాప అక్కడ కూర్చున్న ఒక పెద్దావిడ ఒళ్లోకి పోయి పడుకుంది. ఆవిడ కాళ్లకి ఇంకా బురద ఆరలేదు, చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. పాపను లేపితే ఏడుస్తుందని నేను అలాగే కూర్చుండిపోయాను. "ఎన్నో ఏడమ్మా, బడికి ఎక్కడ వేస్తావు, ఫీజెంతంట" అని ఆవిడే అడిగింది. నేను చెప్పాను. దాంతో మొదలైంది. మా మనవడికి హాస్టల్‌కి ఇంత కట్టాం, మొన్న లింకేజీ మొత్తం దానికే పోయింది అని ఒకావిడ, మా అమ్మాయి నర్సింగ్ అని ఇంకొకావిడ. గేదె అని చెప్పిన ఆవిడే, "గేదె ఎక్కడిదమ్మాయ్, కాగితంలో రాయాలిగా" అంది. ఆ రాత్రి తొమ్మిదిన్నర దాకా రాసుకున్నాను, పాప ఆ ఒళ్లోనే నిద్రపోయింది. మర్నాడు వాళ్లను అడిగి, పేర్లు రాయనని మాట ఇచ్చి, ఆ జవాబులే తీసుకున్నాను. మిగతా ఐదు సంఘాల్లో ముందు ఫారం తీయడం మానేశాను. నా డిసర్టేషన్‌లో నాలుగో అధ్యాయం అంతా ఆ ఒళ్లోంచి వచ్చిందే.

ఇది చదివి ఎవరైనా పిల్లను తీసుకెళ్తే పనైపోతుంది అనుకుంటారేమో, అందుకని మిగతాది కూడా చెప్పాలి. రెండు ఊళ్లలో పాప ఇంటికెళ్దాం అని పట్టుబడితే మాట మధ్యలోనే లేచి వచ్చేశాను, అప్పుడు నాతో మాట్లాడుతున్న ఆ ఇద్దరూ మళ్లీ దొరకలేదు. ఒకసారి దోమలు కుట్టి పాపకు ఒళ్లంతా దద్దుర్లొచ్చి రెండు వారాలు ఎక్కడికీ వెళ్లలేదు, ఆ రెండు వారాలు నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు. డెంగీ కాదని తేలాకే నాకు అన్నం సయించింది.

రాయడం ఇంకో కథ. చదవడానికి అరగంట చొప్పున సరిపోతుంది, రాయడానికి సరిపోదు. వాళ్లు తెలుగులో చెప్పినదాన్ని ఇంగ్లీషులో పెట్టాలి, నిన్న ఎక్కడ ఆపానో గుర్తు తెచ్చుకునేసరికే అరగంట గడిచిపోతుంది, ఈలోగా పాల గ్లాసు ఒలికిపోయిందనో బాత్రూమ్‌కనో పిలుపొస్తుంది. దానికి నాకు పనికొచ్చింది పాప పలక. లేచేముందు, రేపు రాయాల్సిన మొదటి వాక్యం తెలుగులో పలక మీద రాసి వంటగదిలో పోపుల డబ్బా వెనక నిలబెట్టేదాన్ని. "ఫీజు కట్టే నెలలోనే సంఘంలో కిస్తీ ఎందుకు ఆగుతుంది" అని ఉందనుకోండి, కూర తరిగేటప్పుడూ అన్నం వార్చేటప్పుడూ అదే కనిపిస్తుంది, పదకొండింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చునేసరికి జవాబు సగం తయారై ఉండేది. ఒక రోజు పాప స్టూలెక్కి అది తీసి, తడిగుడ్డతో తుడిచేసి, వంకరటింకరగా అ, ఆ దిద్దుకుంది. గబుక్కున కోపం వచ్చింది. కానీ తనంతట తను దిద్దిన మొదటి అక్షరాలు అవే, వాటిని చెరపడానికి నాకు చేతులు రాలేదు. మర్నాడు పది రూపాయల చాక్‌పీసుల పెట్టె, ఇంకో పలక కొన్నాను, ఒకటి తనకి, ఒకటి నాకు.

చివరి మూడు నెలలు మాత్రం ఏ పలకా ఆదుకోలేదు. నాలుగేళ్ల గడువు డిసెంబరుతో అయిపోతుంది, దాటితే మళ్లీ ఫీజు, మళ్లీ దరఖాస్తు, ఆ ఆఫీసుతో మళ్లీ ఉత్తరాలు. మా ఆయన సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు, మా అమ్మ వచ్చి నెల రోజులుంది. పాపను రోజూ సాయంత్రం వాళ్లే పార్కుకి తీసుకెళ్లేవాళ్లు. నేను గదిలో తలుపేసుకుని రాసుకుంటుంటే తలుపు కింద నుంచి పాప వేళ్లు కనిపించేవి. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఫలితం 2025 మొదట్లో వచ్చింది. సెకండ్ క్లాస్. డిసర్టేషన్‌లో మాత్రం మిగతా అన్ని పేపర్ల కంటే ఎక్కువ మార్కులు వచ్చాయి.

మరి చేరమంటానా? పరీక్షలు, అసైన్‌మెంట్లతో అయిపోయే కోర్సు అయితే, చంటిపిల్ల ఉన్నా సరే, ఇప్పటికీ చేరమనే అంటాను. డిసర్టేషన్ ఉంటే మాత్రం మీ ఇంట్లో ఎవరున్నారో ముందు చూసుకోండి. మా అత్తయ్య, మా అమ్మ, సెలవు దొరికిన మా ఆయన, ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా నాది మూడో అధ్యాయం దగ్గరే ఆగిపోయేది. ఉద్యోగం కూడా చేస్తున్న వాళ్ల సంగతి నేను చెప్పలేను, నేను అప్పుడు చేయలేదు. సినాప్సిస్‌ని మాత్రం పిల్ల ఎంత చిన్నదైనా మొదటి ఏడాదే తయారు చేసుకోండి, ప్రతి పేజీ మీద సంతకం, తేదీ ఉన్నాయో లేదో గైడు ఎదురుగానే కూర్చుని చూసుకోండి, ఫీల్డ్‌వర్క్ ఊళ్లో అయితే పంటల నెలలు చూసుకుని లెక్క వేసుకోండి.

ఒక పని మిగిలి ఉంది. ఆ పెద్దావిడ మొన్న బజారులో కనిపించి, "మేం చెప్పిందంతా ఏం రాశావమ్మాయ్, మాకూ చదివి వినిపించు" అంది. నాలుగో అధ్యాయాన్ని తెలుగులో ఆరు పేజీలుగా రాస్తున్నాను. పదో తారీఖున వాళ్ల సంఘం మీటింగుంది, పాపను తీసుకునే వెళ్తాను.