వోచర్ తీసుకుని వేరే ఏరియాకి వెళ్లడమా, ఉన్న పేటనే బాగుచేయడమా? షికాగోలో ఏది మేలు?

షికాగో స్టేట్ స్ట్రీట్ మీద ఒకప్పుడు వరసగా 28 టవర్లుండేవి, ఒక్కోటి 16 అంతస్తులు, రాబర్ట్ టేలర్ హోమ్స్ అనేవాళ్లు, 1962కి కట్టడం అయింది, 2007కల్లా మొత్తం కూలగొట్టేశారు. ప్రభుత్వం పేదవాళ్లకి ఇళ్లు కట్టడం మంచిదే, కానీ దాదాపు అన్నీ నల్లవాళ్ల పేటల్లోనే కట్టారు, ఎందుకంటే తెల్లవాళ్ల వార్డుల్లో అక్కడి ఆల్డర్‌మెన్, అంటే మన కార్పొరేటర్ల లాంటివాళ్లు, ఒప్పుకోలేదు. దీనిమీదే 1966లో డొరోథీ గాట్రో అనే ఆవిడ ఇంకొందరితో కలిసి కేసు వేసింది, 1969లో గెలిచారు గానీ అప్పటికే ఆవిడ పోయింది.

వోచర్ అంటే ఆదాయంలో సుమారు 30 శాతం మీరు అద్దె కట్టండి, మిగతాది ప్రభుత్వం కడుతుంది, మంచి స్కూలున్న చోటికి వెళ్లండి అని. రెండోది మనుషుల్ని కదపకుండా ఉన్నచోటే ఇళ్లు, స్కూళ్లు, బస్సులు బాగుచేయడం.

చిన్నపిల్లలున్న ఇంటికైతే నేను వోచరే అంటాను. 1994లో మొదలుపెట్టి 5 సిటీల్లో 4,600 కుటుంబాలకి లాటరీ తీసి, కొందరికి వోచర్లిచ్చి చూశారు, పెద్దవాళ్ల జీతాలు ఏం మారలేదు, కానీ ఆ పిల్లలు పెద్దయ్యాక ఎకనామిస్ట్ రాజ్ చెట్టీ వాళ్లు 2015లో లెక్కతీస్తే 13 ఏళ్లలోపు మారినవాళ్ల సంపాదన 31 శాతం ఎక్కువ! టీనేజ్‌లో మారినవాళ్లకి మాత్రం లాభం కనపడలేదు, కొంచెం నష్టమే.

అయితే వోచరుంటే ఇల్లు దొరుకుతుందా? మా ఆఫీసులో క్లీనింగ్ చేసే ఆవిడ లంచ్ టైమ్‌లో నా పక్కనే కూర్చుని ఫోన్ చేస్తోంది, "ఖాళీగానే ఉంది, శనివారం వచ్చి చూసుకోండి" అన్న ఓనరు వోచర్ మాట వినగానే "ఆగండి, ఎవరో అడ్వాన్స్ ఇచ్చినట్టున్నారు" అన్నాడు. ఆవిడ ఏం మాట్లాడకుండా నోట్‌బుక్‌లో ఆ నంబర్ కొట్టేసింది, పైన అప్పటికే పదకొండు కొట్టేసి ఉన్నాయి. వోచరుందని ఇల్లు ఇవ్వననకూడదని ఇల్లినాయ్‌లో 2023 నుంచి చట్టమే ఉంది, అయినా ఇదీ పరిస్థితి. హైదరాబాద్‌లో టులెట్ బోర్డు చూసి వెళ్తే "మీరేమిట్లు?" అని అడిగాక ఓనర్ల గొంతు ఎలా మారుతుందో నాకు తెలుసు, ఇదీ అంతే. ఇక్కడ అద్దెకిచ్చే మనవాళ్లు కూడా కొందరు వోచరంటే వద్దంటారు, అది వింటే నిజంగా బాధేస్తుంది.

సియాటిల్‌లో కాగితం చేతిలో పెట్టి వదిలేయకుండా ఓనర్లతో మాట్లాడి, డిపాజిట్‌కి సాయంచేస్తే మంచి ఏరియాలకి వెళ్లినవాళ్లు 15 నుంచి 53 శాతానికి పెరిగారు. అంటే వాళ్లకి ఇష్టంలేక కాదు, దారిలేక.

పేట బాగుచేయడం వద్దని కాదు, ముసలివాళ్లు చర్చిని, తెలిసిన మనుషుల్ని వదిలి ఎక్కడికి పోతారు? కానీ ఇక్కడ పదేళ్లలో 25,000 ఇళ్లు కడతాం, బాగుచేస్తాం అని 2000లో సిటీ హౌసింగ్ వాళ్లు మాటిచ్చి గడువులోపు చేయలేదు. పిల్లల వయసు ఆగదు కదండీ. మా ఆఫీసులో ఆవిడ పెద్దబ్బాయికి 15, స్కూలు మారనంటున్నాడట, చిన్నపాపకి 7. ఆ పాప కోసమే ఆవిడ రోజూ లంచ్ మానేసి ఫోన్లు చేస్తోంది.