టికింటర్‌లో లేబుల్ మార్చాలంటే: కాన్ఫిగ్ వాడాలా, స్ట్రింగ్‌వార్ వాడాలా?

టికింటర్ అంటే పైథాన్‌లో విండోలు తయారుచేసే లైబ్రరీ, లేబుల్ అంటే ఆ విండోలో అక్షరాలు చూపించే భాగం. ఒక్క లేబుల్‌లో అంకె మారుతూ ఉండాలి, అంతే అనుకుంటే కాన్ఫిగ్ (లేబుల్ సెట్టింగులు మార్చే మెథడ్) చాలు. టెక్స్ట్‌కి కొత్త విలువ ఇస్తే వెంటనే మారుతుంది. కోడ్ చదివేవాళ్లకూ ఎక్కడ ఏం మారిందో తేలిగ్గా దొరుకుతుంది.

అదే విలువ మూడు చోట్ల కనిపించాలంటే మాత్రం కాన్ఫిగ్ మూడుసార్లు రాయాలి, ఏదో ఒకటి మర్చిపోతాం. స్ట్రింగ్‌వార్‌ని (టెక్స్ట్ విలువని దాచుకునే టికింటర్ ఆబ్జెక్ట్) టెక్స్ట్‌వేరియబుల్ అనే ఆప్షన్‌తో మూడింటికీ తగిలిస్తే ఒక్క సెట్‌తో అన్నీ మారతాయి. ఎంట్రీ పెట్టెకి తగిలిస్తే, యూజర్ టైప్ చేసింది కూడా అందులోకే వచ్చి చేరుతుంది. నాకు దీనిలో బాగా నచ్చేది ఇదే.

కానీ ఒక చిక్కుంది. స్ట్రింగ్‌వార్‌ని ఫంక్షన్ లోపల లోకల్‌గా తయారుచేస్తే, ఫంక్షన్ ముగియగానే పైథాన్ దాన్ని చెరిపేస్తుంది. లేబుల్ ఖాళీగా మిగిలిపోవచ్చు, ఎర్రర్ కూడా రాదు. కొత్తవాళ్లు గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. దాన్ని సెల్ఫ్‌లో, అంటే మీ క్లాస్ ఆబ్జెక్ట్‌లో, దాచండి.

గడియారంలా సెకనుకోసారి మార్చాలంటే రెండింటికీ ఒకటే దారి: చెప్పినంత సేపయ్యాక ఒక ఫంక్షన్‌ని పిలిచే ఆఫ్టర్‌కి 1000 మిల్లీసెకన్లు ఇచ్చి, ఆ ఫంక్షన్‌లోనే మళ్లీ ఆఫ్టర్‌ని పిలవడం. బదులుగా ప్రోగ్రామ్‌నే ఆపి ఉంచే స్లీప్ పెడితే విండో మొత్తం బిగుసుకుపోతుంది.

నేనైతే కాన్ఫిగ్‌తోనే మొదలుపెడతాను. రెండో విడ్జెట్‌కి (లేబుల్, ఎంట్రీ లాంటి విండో భాగానికి) అదే విలువ కావాల్సి వచ్చినప్పుడు స్ట్రింగ్‌వార్‌కి మారతాను.