నాలుగేళ్లుగా కోల్‌మ్యాప్: పానగల్ గుడి నుంచి చేనుగట్టు వీరగల్లు దాకా

నల్లగొండలో నాది ఫొటో స్టూడియో. పగలు పెళ్లి ఆల్బమ్‌లు చేసే కంప్యూటర్ మీదే రాత్రిపూట వీరగల్లులకు, అంటే పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన పాత రాళ్లకు, త్రీడీ మోడళ్లు చేస్తుంటాను. చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికి నూట పదికి పైగా అయ్యాయి. అన్నిటికీ వాడింది కోల్‌మ్యాప్ ఒక్కటే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని నా అనుభవం రాస్తున్నాను.

ఇది ఫొటోల నుంచి త్రీడీ ఆకారం కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్. యోహానెస్ షోన్‌బెర్గర్ తన పరిశోధనలో భాగంగా తయారుచేశాడు. దీని వెనకున్న పద్ధతిని వివరించే పత్రం 2016లో వచ్చింది. రాయి చుట్టూ తిరిగి తీసిన ప్రతి ఫొటోలో ఇది గుర్తుపట్టడానికి వీలైన చుక్కలను వేలల్లో ఏరుతుంది. ఒకే చుక్క వేర్వేరు ఫొటోల్లో దొరికితే, ఏ ఫొటో తీసినప్పుడు కెమెరా ఎక్కడుంది, ఎటు చూస్తోంది అన్నది లెక్కగడుతుంది. ముందు పలచగా ఒక చుక్కల మేఘం వస్తుంది. తర్వాత అది దట్టమై, చివరికి రాయి ఆకారం తేలుతుంది.

మొదటి ఆరు నెలలు నాకు సరైన మోడల్ ఒక్కటీ రాలేదు. తప్పు సాఫ్ట్‌వేర్‌లో లేదు, నా ఫొటోల్లోనే ఉంది. పెళ్లిళ్లలో అలవాటైనట్టు ఒకచోట నిలబడి జూమ్ చేస్తూ, కెమెరా తిప్పుతూ తీసేవాణ్ని. దీనికి అది పనికిరాదు. మనిషే అడుగు జరగాలి. చోటు మారితేనే లోతు తెలుస్తుంది. ఒక ఫొటోలో కనిపించినదాంట్లో ముప్పావు వంతు పక్క ఫొటోలోనూ ఉండాలి. ఇప్పుడు లెన్స్ 35 ఎంఎం దగ్గర పెట్టి, జూమ్ రింగ్ కదలకుండా టేపు అంటిస్తాను. మోకాలి ఎత్తులో ఒక చుట్టు, ఛాతీ ఎత్తులో ఒకటి, తలపై నుంచి ఇంకొకటి. నిలువెత్తు రాయికి ఎనభై ఫొటోలు చాలు. ఫ్లాష్ వేయొద్దు. వెలుగు మనతోపాటు కదిలితే రాయి ప్రతి ఫొటోలో వేరేలా కనిపిస్తుంది. అన్నిటికన్నా మేలైనది వానాకాలంలో మబ్బు పట్టిన రోజు.

చండూరు దారిలో ఒక చేనుగట్టు మీద తీస్తుంటే కలుపు తీస్తున్న ఒక పెద్దమ్మ వచ్చి, "ఏం బిడ్డా, గా రాయిని గన్ని దిక్కులకెళ్లి తీస్తున్నవ్? దేవునికి బండారు కడగాల్నా?" అని అడిగింది. వద్దన్నాను. బండారు (పసుపు), కుంకుమ మరకలు ఈ పనికి అడ్డం కాదు, పైగా మేలు. మచ్చలు మచ్చలుగా ఉన్న రాయి మీద చుక్కలు బాగా దొరుకుతాయి. ఇబ్బంది పెట్టేది ఆయిల్ పెయింట్. అది మెరుస్తుంది, మెరుపు మనం కదిలినప్పుడల్లా జరుగుతుంది. అద్దంలా నునుపు చేసిన నల్లరాతి స్తంభాలదీ, తెల్లగా సున్నం కొట్టిన గోడలదీ ఇదే కథ. అక్కడ మోడల్‌లో గుంతలు, చిల్లులు వస్తాయి.

నన్ను ఎక్కువగా ఏడిపించింది నల్లగొండ పక్కనే ఉన్న పానగల్ ఛాయా సోమేశ్వరాలయం. కుందూరు చోళుల నాటి త్రికూటం అది. మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. అనుమతి తీసుకుని రెండు ఉదయాలు ఫొటోలు తీశాను. రాత్రంతా నడిపితే తెల్లారేసరికి మోడల్‌లో గర్భగుళ్లు రెండే ఉన్నాయి! ద్వారాలు, స్తంభాలు ఒకే పోలికలో ఉండేసరికి మూడోదాని ఫొటోలను రెండోదాని మీద కప్పేసింది. వారం రోజులు తల పట్టుకున్నాను. చివరికి మండపం మధ్య నుంచి ఒక్కో ద్వారానికి అడుగడుగునా నడుస్తూ, ఒకేసారి రెండు ద్వారాలు కనిపించేలా మళ్లీ తీశాను. అన్ని ఫొటోలను అన్నిటితో పోల్చే పద్ధతి మానేసి, తీసిన వరుసలో పోల్చే పద్ధతి పెట్టాను. అప్పుడు మూడూ వాటి చోట్లలో నిలబడ్డాయి. ఆ గుడికి పేరు తెచ్చిన, గర్భగుడిలో పగలంతా నిలిచి ఉండే నీడ మాత్రం మోడల్‌లో రంగుగానే పడుతుంది. అది చూడాలంటే గుడికే వెళ్లాలి.

వరుసలో పోల్చడం వల్ల టైమూ కలిసొస్తుంది. 300 ఫొటోలను అన్నిటితో అన్నీ పోలిస్తే 44,850 జతలు అవుతాయి. 600 అయితే 1,79,700. దట్టమైన మోడల్ కావాలంటే కంప్యూటర్‌లో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి, అది లేకపోతే పలచటి చుక్కల దగ్గరే ఆగిపోవాలి. నా 8 జీబీ కార్డు మీద ఒక వీరగల్లుకు రెండు గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే టెన్షన్ పడక్కర్లేదు. అయిన పనిలో చాలావరకు డిస్క్ మీద ఉంటుంది, మిగతాది అక్కడి నుంచి కొనసాగుతుంది. మా ఊరి కరెంటుకు ఇది చిన్న మేలు కాదు.

కొలత విషయంలో జాగ్రత్త. జానెడు బొమ్మైనా, నిలువెత్తు రాయైనా దీనికి ఒకటే. ఫొటోల నుంచి ఆకారం వస్తుంది కానీ, సైజు రాదు. యాభై సెంటీమీటర్ల కర్ర మీద నలుపు తెలుపు గీతలు వేసుకుని రాయి పక్కన పెడతాను. తర్వాత చుక్కల మేఘాలను కొలిచే క్లౌడ్‌కంపేర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ కర్ర పొడవు చూసి మొత్తం మోడల్‌ను సరిచేస్తాను. ఫోన్ జీపీఎస్‌ను నమ్ముకోవద్దు, దాని తేడా రాయి ఎత్తు కన్నా ఎక్కువ. ఇంకో లోటు, నేను వాడిన వెర్షన్లలో మోడల్ ఉపరితలానికి ఫొటో అతికించే సౌకర్యం లేదు, చుక్కల రంగే వస్తుంది. దానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి.

అయినా రంగు లేకుండా చూడటమే ఒకసారి మేలు చేసింది. అరిగిపోయిన ఒక రాతి మోడల్‌ను, త్రీడీ మోడళ్లు చూసే మెష్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, రంగు తీసేసి, వెలుగును పక్క నుంచి ఏటవాలుగా పడేలా తిప్పాను. కంటికి ఆనని చోట మూడు పంక్తుల అక్షరాలు లేచాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శాసనాలు చదవగలిగిన ఒక మాస్టారుకు ఆ బొమ్మలు పంపితే, కొన్ని అక్షరాలు విడదీసి చెప్పారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. మోడల్ అయిపోయింది కదా అని ఫొటోలు చెరిపేయకండి. పోయిన నెల నా పాత ఫొటోలనే కొత్త వెర్షన్‌లో నడిపాను. మొదటి ఏడాది తీసిన ఒక వీరగల్లులో గుర్రం కాళ్లు, వీరుడి చేతిలో కత్తి ఈసారి స్పష్టంగా వచ్చాయి. ఆ రాయి ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మట్టితోపాటు ఎత్తేశారు, ఎక్కడ పోశారో ఊళ్లో ఎవరికీ తెలియదు. నా దగ్గర దానివి 38 ఫొటోలున్నాయి, అన్నీ ముందు వైపువే. వెనక తుమ్మకంప ఉందని ఆ రోజు అటు పోలేదు. మోడల్‌ను తిప్పితే వెనకంతా ఖాళీ. ఇప్పుడు కెమెరా సంచిలో కొడవలి కూడా పెట్టుకునే వెళ్తున్నాను.