పూల మీది బుల్లి ఈగలకు ఐనాచురలిస్ట్ యాప్

బెంగళూరు మిద్దెతోటల్లో బంతి, తులసి పూల మీద వాలే చిన్న ఈగల పేరు తేల్చుకోవడానికి ఇది చాలా మంచి యాప్, పైగా ఉచితం. కాకపోతే ఒక్క ఫొటో చాలదు. పైనుంచి, పక్కనుంచి, ముఖానికి ఎదురుగా తీసినవన్నీ ఒకే అబ్జర్వేషన్‌లో (అంటే ఒక ఈగకు యాప్‌లో పెట్టే ఒక నమోదులో) పెట్టండి. రెక్కల ఈనెలు స్పష్టంగా పడాలి: సిర్ఫిడ్ ఈగల (పూల మీద గాల్లో నిలిచి ఎగిరే హోవర్‌ఫ్లైల) రెక్క మధ్యలో సాధారణంగా చివర ఎటూ కలవని దొంగ ఈనె ఒకటి ఉంటుంది. తేనెటీగలా కనిపించే ఈగను పట్టించేది అదే. అది తేనెటీగ కాదు, ఈగే అని తేల్చుకోవడానికి రెక్కలు రెండే ఉన్నాయా, మీసాలు పొట్టివా అన్నదీ చూడండి. కళ్లు నడినెత్తిన కలిస్తే చాలా సిర్ఫిడ్లలో అది మగది.

యాప్ చూపే మొదటి పేరును వెంటనే నొక్కేయొద్దు. మరీ చిన్న ఈగలకు జాతి దాకా పోకుండా కుటుంబం (ఫ్యామిలీ) పేరు దగ్గరే ఆగడం మేలు. మీ ఫొటో చూసి పేరు చెప్పిన యాప్ వాడుకరుల్లో మూడింట రెండొంతులకు మించి ఒకే జాతి అంటేనే సాధారణంగా రీసెర్చ్ గ్రేడ్ (నమ్మదగిన నమోదు అనే గుర్తు) వస్తుంది. తోట ఇంట్లోనే ఉంటే లొకేషన్‌ను అబ్స్క్యూర్డ్‌గా (కచ్చితమైన చోటు ఇతరులకు కనబడకుండా) పెట్టుకోండి.